మ్యాగీ వేసిన వేషం



సినిమాకు మాట రాని రోజుల్లో మన దేశంలో చాలా హాళ్ళలో తెర పక్కన ఒక మనిషి నిలబడి ఉండేవాడు. తెర మీద ఇంగ్లీషులో పడే టైటిల్ కార్డులు చదవలేని వాళ్ళకు ఆయనే కథ చెప్పేవాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎందుకు కోప్పడుతున్నారో, ఉత్తరంలో ఏముందో గొంతెత్తి వినిపించేవాడు. ఈ పూట ఆ పని నేను చేయబోతున్నాను. తెర మీకు కనిపించదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సినిమా పేరు 'మై బెస్ట్ గర్ల్'. 1927 అక్టోబరు 31న అమెరికాలో విడుదలైంది. కథానాయిక మేరీ పిక్‌ఫర్డ్. నాయకుడు చార్లెస్ రోజర్స్, అందరూ బడ్డీ అని పిలిచే కుర్రాడు. దర్శకుడు శామ్ టేలర్. కథ కాథలీన్ నారిస్‌ది, ఆవిడ అప్పట్లో అమెరికాలో బాగా చదివించే నవలా రచయిత్రి. విడుదలైనప్పుడు సినిమా బాగానే ఆడింది. ఇవాళ చాప్లిన్ సినిమాలన్నీ చూసినవాళ్ళలో కూడా దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. ఇది రావడానికి మూడు వారాల ముందు, అక్టోబరు 6న, న్యూయార్క్‌లో 'ద జాజ్ సింగర్' విడుదలైంది. తెర మీది మనిషి నోరు విప్పి పాడాడు, మాట్లాడాడు. ఆపైన రెండేళ్ళు తిరిగేసరికి హాలీవుడ్ మొత్తం టాకీల దారి పట్టింది. మూకీ కళ బాగా పండిన చివరి సంవత్సరాల్లో వచ్చిన ఎన్నో మంచి సినిమాలు ఆ హడావుడిలో వెనకపడిపోయాయి. పిక్‌ఫర్డ్‌కు ఇదే ఆఖరి మూకీ.

పేదింటి అమ్మాయి, కలవారి అబ్బాయి. ఈ కథ మనకు కొత్త కాదు. మన సినిమాలు కూడా దీన్ని ఎన్ని విధాల చెప్పాయో మీకు తెలుసు. అయినా 1927 నాటి ఈ సినిమాను ఇప్పుడు మీ ముందుకు తేవడానికి కారణం చివర్లో వచ్చే ఒక్క సన్నివేశం. అంతస్తుల తేడా గురించి నేను చూసిన ప్రేమకథల్లో ఇంత నిజాయితీగా మాట్లాడిన సన్నివేశాలు చాలా తక్కువ. అక్కడికి వెళ్ళాలంటే ముందు ఒక కొట్లోకి వెళ్ళాలి.

ఆ కొట్టు పేరు మెరిల్ స్టోర్. ఐదు సెంట్లకు, పది సెంట్లకు సామాను అమ్మే దుకాణం. అమెరికాలో ఈ రకం వ్యాపారానికి పేరు తెచ్చినవాడు ఫ్రాంక్ వుల్‌వర్త్. 1879లో పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ఊళ్ళో ఆయన పెట్టిన కొట్టు నిలదొక్కుకుంది. బేరం లేదు, అప్పు లేదు, ధర ముందే రాసి ఉంటుంది, సరుకు బల్లల మీద పరిచి ఉంటుంది. కొనేవాళ్ళు చేత్తో తాకి చూసుకోవచ్చు. ఆ చిల్లర నాణేలే పోగై పోగై 1913లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద 792 అడుగుల మేడ అయ్యాయి. 1930 వరకూ ప్రపంచంలో అంతకన్నా ఎత్తయిన భవనం లేదు. ఆ మేడకు డబ్బు తెచ్చిన కొట్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి అమ్మిపెట్టింది ఎక్కువగా పెళ్ళికాని ఆడపిల్లలు. జీతాలు తక్కువ. ఇంటి బరువు చాలామంది మీద ఉండేది. అందువల్లే 1920లలో అమెరికా కథలకూ సినిమాలకూ దుకాణంలో పనిచేసే అమ్మాయి సహజమైన నాయిక అయింది. ఒక పేద పిల్ల, ఒక కోటీశ్వరుడు ఎదురుపడే అవకాశమున్న చోటు పట్నంలో ఎక్కడుంది? చర్చిలో వరసలు వేరు, రైల్లో పెట్టెలు వేరు. కొట్లో మాత్రం బల్లకు అవతల ఒకరు, ఇవతల ఒకరు.

మన నాయిక మ్యాగీ జాన్సన్‌కు ఆ బల్ల దగ్గర నిలబడే హోదా కూడా లేదు. ఆమె సామాన్ల గదిలో మనిషి. వెనక గదిలోంచి సరుకు మోసుకొచ్చి ముందు బల్లలకు అందించాలి. దుకాణంలో పనిచేసేవాళ్ళలోనూ పై మెట్లు, కింది మెట్లు ఉంటాయని సినిమా మొదట్లోనే తేల్చి చెబుతుంది. మ్యాగీ తెర మీదికి వచ్చేటప్పుడు చేతుల నిండా గిన్నెలు, తపేలాలు. ముఖం కనిపించేలోగా ఆమె మోసే బరువు కనిపిస్తుంది. నవ్వు కూడా ఆ బరువులోంచే పుడుతుంది. ఒకటి జారుతుంది, దాన్ని ఆపబోతే ఇంకోటి జారుతుంది. శామ్ టేలర్ అంతకుముందు హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్‌తో పనిచేసినవాడు. మేడ గోడ పట్టుకుని మనిషి ఎక్కే 'సేఫ్టీ లాస్ట్' దర్శకుల్లో ఆయన ఒకడు. వస్తువుతో హాస్యం పుట్టించడం ఆయనకు బాగా అబ్బిన విద్య.

ఇక మ్యాగీ ఇల్లు. నాన్న పోస్టుమ్యాను. రోజంతా నడిచి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. అమ్మకు పరాయివాళ్ళ అంత్యక్రియలకు వెళ్ళి ఏడవడమంటే ఇష్టం. వింతగా అనిపిస్తుంది గానీ, తన ఇంట్లో చెప్పుకోలేని దిగులు ఎక్కడో ఒకచోట దించుకునే మనుషులు మన వీధుల్లోనూ లేకపోలేదు. అక్క లిజ్ సోకుల మనిషి, సావాసం మంచిది కాదు. ఇంట్లో ఏది కనపడకపోయినా, ఎవరికి ఏం కావాలన్నా పిలుపు మ్యాగీకే. ఈ ఇంటిని సినిమా వెక్కిరించదు, నెత్తిన పెట్టుకోదు. పేదవాళ్ళంటే అందరూ మంచివాళ్ళేనని చూపే తొందర దీనికి లేదు. ఆ గదుల్లో ఇరుకుంది, అలసటుంది, ఒకరి మీద ఒకరు విసుక్కోవడముంది. అవన్నీ భరించే ఒక పిల్ల ఉంది.

ఊరికి అవతలి వైపు మెరిల్ గారి భవనం. ఆయన కొడుకు జో. అతనికి మిలిసెంట్ అనే సంపన్నుల అమ్మాయితో సంబంధం కుదిరింది. ఆ నిశ్చితార్థం నలుగురికీ చెప్పేలోగా తండ్రి పేరు వాడుకోకుండా తానేదో సాధించి చూపాలని కుర్రాడి పంతం. అందుకని జో గ్రాంట్ అని పేరు మార్చుకుని తండ్రి కొట్లోనే పనికి చేరతాడు. ఇది ఈ కథలో మొదటి వేషం.

కొత్తగా వచ్చిన జోకు పని నేర్పే బాధ్యత మ్యాగీ మీద పడుతుంది. సామాన్ల గదిలో ఏ పెట్టె ఎక్కడుందో, దేన్ని ఎలా ఎత్తాలో, ఏది బోర్లా పెట్టకూడదో ఆమెకు తెలుసు, అతనికి తెలియదు. యజమాని కొడుకు ఆ గదిలో ఆమె కింద పనిచేసే కుర్రాడు. సినిమా మొత్తంలో వాళ్ళిద్దరూ నిజంగా సమానంగా ఉన్నది ఆ గదిలోనే. ఇంకా చెప్పాలంటే ఆమె ఒక మెట్టు పైన ఉంది. ప్రేమ పుట్టేది కూడా అక్కడే. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళిద్దరూ సరుకు వచ్చిన పెద్ద చెక్కపెట్టెలో దూరి కూర్చుంటారు. చుట్టూ ఎండుగడ్డి, నాలుగు చెక్కలు, మధ్యలో ఇద్దరూ పంచుకునే తిండి. మేనేజరు కన్ను పడని నాలుగడుగుల చోటు. సొంత గది లేనివాళ్ళకు ఏకాంతం ఎక్కడ దొరుకుతుందో ఈ సినిమా తీసినవాళ్ళకు బాగా తెలుసు.

మరో సన్నివేశం చెప్పాలి. సాయంత్రం పని అయ్యాక మ్యాగీ ఒక లారీ వెనకవైపు ఎక్కి ఇంటికి వెళుతోంది. జో కింద ఉండిపోయాడు. అతను తనతో రావాలని ఆమెకుంది, పిలవడానికి సిగ్గు. చేతిలోని వస్తువులు ఒక్కొక్కటీ జారవిడుస్తుంది. అతను ఏరుకుంటూ లారీ వెనక పరిగెత్తాలి. అందిందనుకునేసరికి ఇంకోటి కింద పడుతుంది. ఒక్క మాట లేదు, టైటిల్ కార్డు అవసరమూ లేదు. ఆడపిల్ల తన ఇష్టాన్ని చెప్పకుండానే చెప్పడం, పిల్లవాడికి అర్థమైనా అర్థం కానట్టు పరిగెత్తడం. తొంభై ఏళ్ళు దాటిపోయినా ఆ పరుగు పాతబడలేదు.

తరువాత వాన. నగరం వీధి, రాత్రి, కుండపోత. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ రోడ్డు దాటుతున్నారు. కార్లు బ్రేకులేస్తున్నాయి, జనం తప్పుకుంటున్నారు, వాళ్ళకు ఏదీ పట్టదు. తడుస్తున్నామన్న సంగతే తెలియదు. కెమెరా వాళ్ళతోపాటు నడుస్తుంది. దీన్ని చిత్రించినవాడు చార్లెస్ రోషర్, 1917 నుంచి పిక్‌ఫర్డ్ సినిమాలకు కెమెరా పట్టినవాడు. 1927లోనే వచ్చిన 'సన్‌రైజ్' సినిమాకు గాను ఆయనకూ కార్ల్ స్ట్రస్‌కూ 1929లో జరిగిన మొట్టమొదటి అకాడమీ అవార్డుల్లో ఛాయాగ్రహణం బహుమతి వచ్చింది. ఆ నామినేషన్లలో రోషర్ పేరు పక్కన 'మై బెస్ట్ గర్ల్' కూడా ఉంది. వాన చినుకుల మీద, తడిసిన రోడ్డు మీద దీపాల వెలుగు పడే తీరు చూస్తే ఎందుకుందో తెలుస్తుంది.

ఒక రాత్రి జో తన ఇంట్లో విందు ఉందన్న మాటే మరిచిపోయి మ్యాగీతో ఊరు తిరుగుతాడు. ఆకలేసింది. మెరిల్ గారింటికి భోజనానికి వెళదాం పద అంటాడు. ఆయనకు పనివాళ్ళంటే సొంత కుటుంబమట, ఎవరు వచ్చినా అన్నం పెడతారట అని నమ్మబలుకుతాడు. మ్యాగీ భయపడుతూనే వెళుతుంది. ఆ భోజనాల గది, ఆ బల్ల, ఎదురుగా నిలబడ్డ నౌకర్లు. ఏ చెంచా దేనికో తెలియని తికమకను పిక్‌ఫర్డ్ చాలా నవ్వొచ్చేలా చేస్తుంది. ఆ నవ్వు వెనకే నాకు జో మీద కొంచెం కోపం కూడా వచ్చింది. అతనికి అదొక సరదా. నిజం చెప్పడానికి అతనికి వంద అవకాశాలున్నాయి. ఆమె మాత్రం ప్రతి అడుగూ ఎక్కడ ఉద్యోగం పోతుందోనని వేస్తోంది. అంతలో అతని తల్లిదండ్రులు వస్తారు, వెంట మిలిసెంట్. జో ఎవరో అందరి ముందూ బయటపడిపోతుంది. తను ప్రేమించినవాడు యజమాని కొడుకని తెలిసి సంతోషించే నాయికలను మనం చాలామందిని చూశాం. మ్యాగీకి అది అవమానం. చెక్కపెట్టెలో పంచుకున్న తిండి, వానలో నడక, అన్నీ ఒక్క క్షణంలో ఆమె చేతిలోంచి జారిపోతాయి. అవి ఎవరితో జరిగాయో కూడా ఆమెకు తెలియకుండా పోయింది.

ఆ రాత్రే అక్క లిజ్ తన ప్రియుడి పుణ్యమా అని రాత్రికోర్టులో తేలుతుంది. కోర్టు సన్నివేశం మొత్తం గోల. న్యాయాధికారి వేషంలో మ్యాక్ స్వెయిన్ ఉన్నాడు, చాప్లిన్ 'గోల్డ్ రష్'లో భారీ శరీరంతో కనిపించిన నటుడు. కుటుంబమంతా అక్కడే, అమ్మ శోకాలు అక్కడే. నాకు ఈ భాగం కాస్త సాగినట్టు అనిపించింది. అయితే కథకు దీని అవసరం ఉంది. జో కూడా ఆ గొడవలో ఇరుక్కోవడంతో మెరిల్ గారికి తన కొడుకు ఎలాంటి ఇంట్లో అడుగు పెట్టాడోనన్న భయం పుడుతుంది. ఆయన జాన్సన్ల ఇంటికి బయలుదేరతాడు. చేతిలో చెక్కు. ఈ డబ్బు తీసుకుని మా అబ్బాయిని వదిలిపెట్టమని.

నేను చెప్పాలనుకున్న సన్నివేశం ఇదే.

మ్యాగీకి జో మీద ప్రేమ తగ్గలేదు. అతను పెళ్ళి చేసుకుంటాననే వచ్చాడు. కానీ ఆ పెద్దమనిషి మాటలు విన్నాక, తన వల్ల జో బతుకు పాడవుతుందని ఆమెకు అనిపిస్తుంది. అతనంతట అతను వెళ్ళిపోవాలంటే ఒకటే దారి. తన మీద అతనికి అసహ్యం కలగాలి. అందుకని ఆమె వేషం వేస్తుంది. పెదాలకు ఎర్రగా రంగు పూసుకుంటుంది. సిగరెట్టు ముట్టిస్తుంది. జాజ్ పాట పెట్టి ఊగుతూ నాట్యం చేస్తుంది. నీ డబ్బు కోసమే నీ వెంట పడ్డాను, ఇదే నా అసలు రూపం అన్నట్టు నవ్వుతుంది. డబ్బు కోసం వల వేసే ఆడదాని గురించి పెద్దింటి వాళ్ళ బుర్రల్లో ఏ బొమ్మ ఉందో సరిగ్గా ఆ బొమ్మను వాళ్ళ ముందు నిలబెడుతుంది. ఆ బొమ్మ ఆమెకు ఎలా తెలుసు? పేదవాళ్ళకు తమ గురించి ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో ఎప్పుడూ తెలుసు. తెలియకపోతే రోజు గడవదు.

అయితే ఆమెకు ఆ వేషం నిలబడదు. నవ్వు నోటి దగ్గరే ఉంది, కళ్ళు లొంగడం లేదు. నాట్యం చేస్తూ చేస్తూ ఏడుపు ఆగక ముఖం చెదిరిపోతుంది. పూసుకున్న రంగు, నవ్వు, కన్నీళ్ళు ఒకే ముఖం మీద కలిసి పారే ఆ కొన్ని నిమిషాల్లో పిక్‌ఫర్డ్ ఎంత గొప్ప నటో అర్థమవుతుంది. చూస్తున్న జోకు నిజం తెలిసిపోతుంది. గది మూలన నిలబడ్డ ముసలి మెరిల్‌కూ తెలిసిపోతుంది. కొనడానికి వచ్చిన మనిషి తలవంచుకోవలసి వస్తుంది.

రెండు వేషాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. జో పేదవాడి వేషం వేశాడు. అది అతనికి ఒక ఆట. విసుగొచ్చిన రోజున తీసి పారేయవచ్చు, ఇంటికెళితే వెచ్చటి భోజనం ఉంది. ఆ వేషం వల్ల అతను పోగొట్టుకున్నదేమీ లేదు, ఒక ప్రేమను సంపాదించుకున్నాడు కూడా. మ్యాగీ వేసిన వేషం దురాశపరురాలిది. దానికి ఆమె చెల్లించేది తన మర్యాద, తన ప్రేమ, తనంటే అతనికున్న నమ్మకం. కలవారి పిల్లవాడు కింది మెట్టుకు దిగివస్తే లోకం మెచ్చుకుంటుంది. లేనింటి పిల్ల పై మెట్టు వైపు చూస్తే ముందు ఆమె దొంగ కాదని రుజువు చేసుకోవాలి. ఈ తేడాను ఒక హాస్య ప్రేమకథ, ఒక్క ఉపన్యాసమైనా లేకుండా, పెదాల రంగుతో ఒక సిగరెట్టుతో చెప్పేసింది. అంతస్తుల గురించి వచ్చిన చాలా సినిమాల్లో ధనవంతుడి దొడ్డ మనసు చూసి మనం కళ్ళు తుడుచుకుంటాం. ఇక్కడ మన కన్నీళ్ళు ఆ పిల్ల కోసమే.

ఈ పాత్ర పిక్‌ఫర్డ్ చేతిలో ఇంత నిజంగా ఉండడానికి ఆమె బతుకే ఆధారమని నేను గట్టిగా నమ్ముతాను. ఆమె అసలు పేరు గ్లాడిస్ స్మిత్. 1892లో కెనడాలోని టొరంటోలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి షార్లెట్ కుట్టుపని చేసి, ఇంట్లో అద్దెకు మనుషులను పెట్టుకుని ముగ్గురు పిల్లలను సాకింది. పెద్దపిల్ల బడికి వెళ్ళాల్సిన వయసులో నాటకాల కంపెనీలతో రైళ్ళలో ఊళ్ళు తిరిగి ఇంటికి డబ్బు తెచ్చింది. 1907లో బ్రాడ్‌వే చేరింది. అక్కడ నాటక నిర్మాత డేవిడ్ బెలాస్కో ఆమెకు మేరీ పిక్‌ఫర్డ్ అని పేరు పెట్టాడు. 1909లో దర్శకుడు డి. డబ్ల్యూ. గ్రిఫిత్ దగ్గర సినిమాల్లో అడుగుపెట్టింది. 1916 నాటికి ఆమె వారం జీతం 10,000 డాలర్లు, లాభాల్లో సగం వాటా. 1919లో చాప్లిన్, గ్రిఫిత్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పెట్టింది. ఆ నలుగురిలో లెక్కలు బాగా తెలిసిన మనిషి ఆమే. ఈ సినిమాకు నిర్మాత కూడా ఆమే. అంటే మ్యాగీ ఇంటిలాంటి ఇల్లూ, మెరిల్ ఇంటిలాంటి ఇల్లూ రెండూ ఎరిగిన మనిషి తెర మీద నిలబడింది. ఇంట్లో ప్రతి పిలుపూ తన మీదకే రావడం ఆమెకు కొత్త సంగతి కాదు.

ఆమె పేరు ఎంత దూరం పాకిందో ఒక్క ఉదాహరణ. 1926లో ఆమె, భర్త ఫెయిర్‌బ్యాంక్స్ మాస్కో వెళితే జనం విరగబడ్డారు. అక్కడ వాళ్ళను తీసిన అసలు దృశ్యాలను వాడుకుని సోవియట్ వాళ్ళు మరుసటి ఏడాది 'మేరీ పిక్‌ఫర్డ్ ముద్దు' అనే హాస్య చిత్రమే తీశారు. సినిమా హాల్లో టిక్కెట్లు చూసే కుర్రాడికి ఆ మహానటి ముద్దు పెడుతుంది, అంతటితో అతని బతుకు తలకిందులవుతుంది. ఇక మన దేశం సంగతి చూస్తే, 1927లో టి. రంగాచారియార్ అధ్యక్షతన సినిమాల మీద విచారణ కమిటీ వేసేనాటికి హాళ్ళలో ఆడేవాటిలో ఎక్కువ భాగం అమెరికా సినిమాలే. ఫెయిర్‌బ్యాంక్స్ 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' మన ప్రేక్షకులకు ఎంతో ఇష్టమైనదని ఆ కమిటీ ముందు చెప్పారు. మచిలీపట్నం నుంచి వెళ్ళి మద్రాసులో గెయిటీ హాలు కట్టిన రఘుపతి వెంకయ్య గారి తరం వాళ్ళు సినిమా అంటే ఏమిటో నేర్చుకున్నది ఇలాంటి మూకీలను చూసే.

పిక్‌ఫర్డ్‌కు ఆ పేరే ఒక బంధనం కూడా అయింది. జనం ఆమెను బంగారు రంగు ఉంగరాల జుట్టు పిల్లగానే చూడాలనుకున్నారు. మీకెలాంటి పాత్రల్లో కనిపించమంటారని 1925లో ఒక సినిమా పత్రిక ద్వారా అడిగితే పాఠకులు సిండ్రెల్లా, హైదీ లాంటి చిన్నపిల్లల కథలే కోరారు. ముప్ఫై దాటిన ఆడమనిషి పన్నెండేళ్ళ పిల్లగా నటిస్తూ వచ్చింది. 'మై బెస్ట్ గర్ల్' నాటికి ఆమెకు 35, రోజర్స్‌కు 23. ఇందులో ఆమె ఎట్టకేలకు ఎదిగిన ఆడపిల్ల, జీతానికి పనిచేసే పిల్ల. మరుసటి ఏడాది ఆ ప్రసిద్ధమైన జుట్టు కత్తిరించేసింది, అదొక పెద్ద వార్త అయింది. 1929లో 'కాక్వెట్' అనే తన మొదటి టాకీ చేసి ఉత్తమ నటిగా అకాడమీ బహుమతి తీసుకుంది. ఆ సినిమాలో ఆమె అమెరికా దక్షిణాది యాసలో మాట్లాడాలి. బహుమతి వచ్చిన ఆ నటన కన్నా మూకీలో మ్యాగీ నాకు ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

దానికి కారణం ఉంది. టాకీ వచ్చాక మనిషి నోరు విప్పగానే అతను ఏ వీధివాడో, ఏం చదివాడో, ఎంత ఉన్నవాడో యాస పట్టిచ్చేస్తుంది. మూకీలో జోకూ మ్యాగీకీ యాస లేదు. ఇద్దరూ మౌనంలో సమానులు. అందువల్ల దర్శకుడు అంతస్తును మాటలతో చూపించలేక చేతులతో, బరువులతో, కుర్చీలో కూర్చునే తీరుతో చూపించాడు. పోస్టుమ్యాను కాళ్ళు చాపుకోవడంలో ఉంది ఆయన తరగతి. నౌకరు తెచ్చిన పళ్ళెం వైపు మ్యాగీ చూసే చూపులో ఉంది ఆమె తరగతి.

ఆ పోస్టుమ్యాను పాత్ర వేసినవాడు లూషియన్ లిటిల్‌ఫీల్డ్. సినిమా అంతా నీడలా ఉండి, చివర్లో ఆయన లేచి నిలబడతాడు. మ్యాగీ ఇంటిని వదిలి ఎలా వెళ్ళాలా అని తడబడుతుంటే, ఈ ఇంటి సంగతి ఇకనుంచి నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళమ్మా అని తండ్రి తండ్రిగా మాట్లాడతాడు. మెరిల్ ఒప్పుకోవడం కన్నా నాకు ఈ నాన్న లేవడమే పెద్ద సంగతి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల భుజం మీద ఉన్నది ఒకరు దించారు. ఆపైన మ్యాగీ, జో ఎక్కాల్సిన ఓడ అందుకోవడానికి అందరూ కలిసి చేసే ఉరుకులు పరుగులు, నవ్వులు. కథ సుఖాంతం.

1927 ఫిబ్రవరిలోనే వచ్చిన 'ఇట్' సినిమాలో క్లారా బో కూడా దుకాణంలో పనిచేసే అమ్మాయే, ఆమె వలచినవాడూ ఆ దుకాణం యజమానే. అది చాలా పేరు తెచ్చుకుంది, ఇప్పటికీ తెచ్చుకుంటోంది. క్లారా బో హుషారు ముందు మ్యాగీ అణకువ చిన్నబోయిన మాట నిజమే. కానీ 'ఇట్'లో నాయిక ఆకర్షణే ఆమె ఆస్తి. ఆమె గెలుపు ఆ ఆకర్షణది. మ్యాగీకి పనే ఆస్తి. ఆమె పనిచేస్తుండగా మనం ఆమెను ప్రేమిస్తాం. రెండేళ్ళ తర్వాత 1929లో షేర్ మార్కెట్ కూలింది. లక్షలమంది పనులు పోగొట్టుకున్నారు. అప్పటి నుంచి హాలీవుడ్ ప్రేమకథలు దిశ మార్చాయి. 1934 నాటి 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'లో చూడండి, అక్కడ ధనవంతుల అమ్మాయి ఇల్లు వదిలి బస్సెక్కుతుంది, పనిచేసుకునే పత్రికావాడు ఆమెకు లోకం నేర్పుతాడు. మంచి మనసున్న యజమాని మీద నమ్మకంతో కథ ముగించడం అప్పటికి కష్టమైపోయింది. ఆ నమ్మకం ఇంకా మిగిలి ఉన్న చివరి రోజుల్లో వచ్చిన సినిమా ఇది. మెరిల్ మనసు మారింది గానీ మెరిల్ కొట్లో జీతాలు మారలేదు. మ్యాగీ వదిలి వెళ్ళిన గిన్నెలు రేపటి నుంచి ఇంకో పిల్ల మోయాలి. ఆ పిల్లవైపు సినిమా తిరిగి చూడదు. ఇది దీని లోపమని నేను అంటాను, ఎంత ఇష్టమైన సినిమా అయినా.

అలాంటి కొట్లలో పనిచేసే పిల్లలు ఏం చేశారో పదేళ్ళ తర్వాత తెలిసింది. 1937 ఫిబ్రవరి 27న డెట్రాయిట్ నగరంలో వుల్‌వర్త్ కొట్లో పనిచేసే అమ్మాయిలు, నూరుమందికి పైగా, పని ఆపేసి కొట్లోనే బైఠాయించారు. వారం రోజులు అక్కడే వండుకున్నారు, అక్కడే పడుకున్నారు, పాటలు పాడుకున్నారు. జీతాలు పెంచుకుని, సంఘానికి గుర్తింపు తెచ్చుకుని బయటికొచ్చారు. అదే ఏడాది జూన్‌లో, ఫెయిర్‌బ్యాంక్స్‌తో విడాకులైన మేరీ పిక్‌ఫర్డ్, తన జోగా నటించిన బడ్డీ రోజర్స్‌ను పెళ్ళి చేసుకుంది. 1979లో ఆమె కన్నుమూసే వరకూ ఇద్దరూ కలిసే ఉన్నారు.

తన పాత సినిమాలు చూసి జనం నవ్వుతారేమోనన్న భయంతో వాటిని తగలబెట్టించాలని ఒక దశలో పిక్‌ఫర్డ్ అనుకుంది. తోటి నటి లిలియన్ గిష్ లాంటి వాళ్ళు వారించారు. ఆమె మనసు మార్చుకోవడం వల్లే ఇవాళ ఈ సినిమా మనకు మిగిలింది, అదీ స్పష్టమైన బొమ్మతో. అమెరికా చట్టం ప్రకారం 1927 నాటి సినిమాలన్నిటికీ కాపీరైటు 2023 జనవరి 1తో తీరిపోయింది. అందువల్ల వెతికితే ఇంట్లో కూర్చుని చూడవచ్చు. సుమారు గంటన్నర నిడివి. పిల్లలతో కలిసి చూడండి, టైటిల్ కార్డులు ఎవరో ఒకరు గట్టిగా చదవండి. వాన సన్నివేశం దగ్గర మాత్రం చదవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.